ముందు చక్రం లేపాలంటే మొదట వెనక బ్రేకు నేర్చుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగేళ్లు 150 సీసీ బండి నడిపావు. మొన్న హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో లీటర్ బైక్, అంటే 1000 సీసీ బండి, కొన్నావు. దాని మీద వీలీ, అంటే ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదే నడపడం, నేర్చుకోవాలని ఉంది. పొద్దున ఐదింటికి మిర్యాలగూడ దగ్గర అద్దంకి రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడే మొదలుపెడతానన్నావు. రేస్ ఎంత ఇవ్వాలి, క్లచ్ ఎప్పుడు వదలాలి అని అడిగావు. రెండింటికీ జవాబు చెప్తాను. కానీ నీ ప్రశ్న మొత్తంలో వెనక బ్రేకు అనే మాటే లేదు. నా భయమంతా అక్కడే.

నల్లగొండలో ఇరవై ఏళ్లుగా బండ్ల షెడ్డు నడుపుతున్నాను. వీలీ చేస్తూ పడిపోయిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. తెచ్చిన పిల్లలను నేను మొదట అడిగేది ఒక్కటే: బండి వెనక్కి పోతున్నప్పుడు నీ కుడికాలు ఎక్కడుంది? అందరూ ఈ మూడింట్లో ఒకటి చెప్తారు. ఫుట్‌రెస్ట్ మీద ఉందనో, గాల్లో ఉందనో, గుర్తు లేదనో. బ్రేకు పెడల్ మీద ఉందన్నవాడు నాకు ఇప్పటిదాకా ఎదురుపడలేదు.

ఎందుకలా జరుగుతుందో చెప్తాను. బండి బరువు, నీ బరువు కలిపితే ఆ మొత్తం ట్యాంకు కింద, నీ మోకాళ్ల దగ్గర ఒకచోట ఉందనుకో. వెనక టైరు నేలను తాకే చోటు కంటే ఆ బరువు ముందు ఉన్నంతసేపు, ముందు చక్రం కిందికి రావాలనే చూస్తుంది. నువ్వు రేస్ ఇచ్చి లేపుతున్న కొద్దీ బరువు వెనక్కి జరుగుతూ, ఒకచోట సరిగ్గా వెనక టైరుకు నిట్టనిలువుగా పైన నిలుస్తుంది. దాన్నే బ్యాలెన్స్ పాయింట్ అంటారు. చాలా బండ్లకు అది 45 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అక్కడ బండి తేలికైపోతుంది, రేస్ కొంచెం చాలు. ఆ తేలికదనం కోసమే అందరూ వీలీ మీద మోజు పడతారు. కానీ అక్కడి నుంచి జానెడు వెనక్కి పోయినా బండి బరువే బండిని వెనక్కి లాగుతుంది. అప్పుడు రేస్ మూసినా ఆలస్యమైపోవచ్చు.

ఆ క్షణంలో కాపాడేది వెనక బ్రేకు. ఆర్టీసీ బస్సులో నిలబడి పోతుంటే డ్రైవరు బ్రేకు కొట్టగానే ఏమవుతుంది? పాదాలు బస్సుతో పాటే ఆగుతాయి, ఒళ్లు ముందుకు తూలుతుంది. ఇక్కడా అంతే. వెనక చక్రం నెమ్మదిస్తే, పైన ఉన్న బండి, నువ్వు కలిసి ముందుకు ఒరుగుతారు, ముందు చక్రం కిందికి దిగుతుంది. పెడల్‌ను గట్టిగా తొక్కాల్సిన పని కూడా లేదు. బొటనవేలితో తాకినంత చాలు.

నాకిది పుస్తకంలో తెలియలేదు. 2007 వేసవిలో, నాకు 23 ఏళ్లప్పుడు, పానగల్లు వైపు చెలకల మధ్య మట్టిబాట మీద దోస్తు 180 సీసీ బండితో వీలీ చేయబోయాను. అంతకుముందు పది, పన్నెండుసార్లు చక్రం జానెడు ఎత్తు లేపాను కాబట్టి వచ్చేసిందనుకున్నాను. ఆరోజు క్లచ్ కాస్త గట్టిగా వదిలాను. చక్రం కళ్ల ముందుకు వచ్చేసింది. ఒళ్లు సీటు మీద వెనక్కి జారింది. జారుతుంటే చేతులు హ్యాండిల్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. పట్టుకున్న కుడి మణికట్టు కిందికి తిరిగింది, అంటే రేస్ ఇంకా పెరిగింది. భయపడినకొద్దీ రేస్ పెరగడమంటే ఇదే. కుడికాలు గాల్లో ఉంది. ముడ్డిపూస నేలకు తగిలింది, తర్వాత బండి భుజం మీద పడింది. కాలర్ బోన్ విరిగింది. నెలన్నర అమ్మ అన్నం కలిపి తినిపించింది. నాలుగు నెలలు గాలి ట్యూబు వేసుకోకుండా కూర్చోలేకపోయాను. బండి పడిన చోటికి మూడడుగుల దూరంలో పొలం గట్టు రాయి ఉంది. తల దానికి తగిలి ఉంటే నీకు ఈ జవాబు రాసేవాణ్ని కాను.

తర్వాత ఏడాది పాలమూరులో ఒక అన్న నాకు మళ్లీ మొదటి నుంచి నేర్పాడు. ఆయన పద్ధతి నేను ఇప్పటికీ పాటిస్తాను, నా దగ్గరికి వచ్చినవాళ్లకూ అదే చెప్తాను. మొదటి పది రోజులు చక్రం లేపనివ్వలేదు. ఫస్ట్ గేర్‌లో 20 స్పీడులో పోతూ, రేస్ అలాగే ఉంచి, వెనక బ్రేకును తాకడం, వదలడం. అదే పని రోజూ గంటసేపు. చక్రం లేపడం మొదలుపెట్టాక, ప్రతిసారీ బయల్దేరే ముందు బ్రేకు పెడల్ మీద సుద్దముక్క గట్టిగా రుద్దేవాడు. తిరిగి వచ్చాక నా కుడి బూటు అడుగు ఎత్తి చూసేవాడు. తెల్లగా అంటి ఉంటే ఆ లేపడం లెక్కలోకి వచ్చేది. అంటకపోతే చక్రం ఎంత అందంగా లేచినా లెక్క లేదు. వంద లెక్క పూర్తి కావడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి వీలీ బ్రేకుతోనే ముగియాలి, అప్పుడే భయం వేసిన రోజు కాలు తనంతట తనే కదులుతుందనేవాడు. 2011లో ఒకసారి నిజంగానే బ్యాలెన్స్ పాయింట్ దాటిపోయాను. నేనేమీ ఆలోచించలేదు. చక్రం దిగిన తర్వాతే కాలు బ్రేకు తొక్కిందని తెలిసింది.

నీ అద్దంకి రోడ్డు సంగతి. అక్కడ వద్దు తమ్ముడూ. పొద్దున ఐదింటికి ఖాళీ అని నువ్వు అనుకుంటావు కానీ సిమెంటు లారీలు, బియ్యం లారీలు ఆ టైముకే కదులుతాయి. కోతల రోజుల్లో రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. రైతు కుప్ప పక్కనే దుప్పటి కప్పుకొని పడుకొని ఉంటాడు, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. ముందు చక్రం లేచాక నీకు ఎదురుగా రోడ్డు సరిగ్గా కనిపించదు, ఆకాశం, మీటరే ఎక్కువగా కనిపిస్తాయి. నువ్వు పడితే నీ ఎముకలు. ఆయన మీద పడితే ఆ ఇల్లు ఏమైపోతుంది? చట్టం కూడా ఊరుకోదు. రోడ్డు మీద వీలీ చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకరంగా నడిపినట్టే. 2019 సవరణ తర్వాత మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించడానికి కూడా అదే కారణం చూపించొచ్చు.

మన జిల్లాలో చోటే లేదనకు. మీ మిర్యాలగూడ చుట్టూ ఇప్పుడు నడవని పాత బాయిల్డ్ రైసుమిల్లులు ఉంటాయి. ఉడికించిన వడ్లు ఎండబోయడానికి వేసిన సిమెంటు కల్లాలు వాటిలో ఉంటాయి. చదునుగా, పొడుగ్గా, చుట్టూ గోడతో. ఓనరును కలిసి, ఏం చేస్తావో దాచకుండా చెప్పి, ఒప్పుకుంటేనే పో. నేను అలాంటి కల్లంలోనే నేర్పుతాను. వెళ్లగానే మొదటి పని చీపురు పట్టడం. సిమెంటు మీద మిగిలిన ఊక, గింజలు టైరు కిందికి వస్తే గోలీల మీద నడిచినట్టే. గోడకు, నువ్వు చక్రం దించే చోటికి మధ్య కనీసం నలభై మీటర్లు వదులు. ఒంటరిగా పోకు. బండి ఎక్కని మనిషి ఒకడు ఫోను చేతిలో పట్టుకొని ఉండాలి. వీడియో తీయడానికి కాదు, 108కి ఫోన్ చేయడానికి.

ఇప్పుడు బండి గురించి. నీ లీటర్ బైక్‌ను ఇంట్లోనే పెట్టు. నేర్చుకోవడానికి 150 నుంచి 200 సీసీ సింగిల్ సిలిండర్ బండి తీసుకో. నీ పాతది అమ్మకుండా ఉంటే అదే చాలు. కారణం ఒక్క లెక్కలో అర్థమవుతుంది. చిన్న బండి ఫస్ట్ గేర్‌లో క్లచ్‌తో 20, 30 స్పీడులోనే లేస్తుంది. నాలుగు సిలిండర్ల లీటర్ బైక్ ఫస్ట్ గేర్‌లోనే 140 దాటి పోతుంది. అది రేస్‌తో లేచే సమయానికి నువ్వు 80 దగ్గర ఉంటావు. 30 స్పీడులో సెకనుకు ఎనిమిది మీటర్లు పోతావు, 80లో ఇరవై రెండు మీటర్లు. పడితే తగిలే దెబ్బ స్పీడుతో పాటు వర్గంలో పెరుగుతుంది. అంటే 30లో పడినదానికి ఏడు రెట్లు. పైగా 14 హార్స్‌పవర్ బండి మీద మణికట్టు పొరపాటు చేస్తే క్షమిస్తుంది. 180 హార్స్‌పవర్ బండి మీద అదే పొరపాటుకు సెకనులో బండి నిలువుగా నిలబడుతుంది. చిన్న బండి అంటే చిన్నతనం అనుకోకు. జపాన్‌కు చెందిన మసారు అబే 2017లో ముందు చక్రం నేలకు ఆనించకుండా 500 కిలోమీటర్లకు పైగా నడిపి రికార్డు పెట్టాడు. అది స్కూటర్ మీద.

కల్లానికి పోయే ముందు బండిని షెడ్డులో ఒకసారి చూపించు. బ్రేకు పెడల్ ఎత్తు నీ పాదానికి సరిపోవాలి. కంపెనీ సెట్టింగులో చాలామందికి పెడల్ కిందుగా ఉంటుంది, కూర్చొని వెనక్కి వాలితే బొటనవేలు అందదు. ఫుట్‌రెస్ట్ మీద పాదం ముందు భాగం ఆనించి, మడమ ఎత్తకుండా, వేలు కదిపితే పెడల్ తగలాలి. దాన్ని పైకి జరపడానికి కింద నట్టు ఉంటుంది, పది నిమిషాల పని. వెనక బ్రేకు షూలు లేదా ప్యాడ్లు కొత్తవి ఉండాలి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోకూడదు. చైన్‌లో వదులు 25, 30 మిల్లీమీటర్లు ఉండాలి. కోన్‌సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల్లో, ఆట ఉంటే మార్చేయి. చక్రం కింద పడిన ప్రతిసారీ ఆ దెబ్బ కోన్‌సెట్ మీదే పడుతుంది. కోన్‌సెట్ వదులుగా ఉంటే దిగగానే హ్యాండిల్ రెండు పక్కలకూ కొట్టుకుంటుంది. ఫోర్కు సీళ్లు, అంటే ముందు షాక్‌అబ్జార్బర్ల ఆయిల్ సీళ్లు, కారుతుంటే ఆగు. ఇంజిన్ ఆయిల్ లెవెల్ మీద కన్నేసి ఉంచు. ముందు చక్రం లేచి ఉన్నంతసేపు ఆయిల్ అంతా వెనక్కి పోతుంది. పంపు పీల్చే చోట ఆయిల్ లేకపోతే గాలి పీలుస్తుంది. రెండు, మూడు సెకన్ల వీలీకి ఫరవాలేదు. ఎక్కువసేపు లేపే రోజు వస్తే అప్పుడు పెద్ద సమస్య అవుతుంది.

ఒంటికి వేసుకునేది: ఐఎస్ఐ ముద్ర ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్, చేతికి గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు, వీపుకు ప్రొటెక్టర్. వీటితో పాటు ముడ్డిపూస దగ్గర ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొను. వెనక్కి పడితే నేలకు మొదట తగిలేది అదే.

ఇప్పుడు నువ్వు అడిగిన రేస్, క్లచ్. ఫస్ట్ గేర్‌లో 15 స్పీడులో నిలకడగా పో. సీటు మీద కాస్త వెనక్కి కూర్చో, మోకాళ్లతో ట్యాంకు పట్టు, చేతులు చాచి ఉన్నా బిగుసుకోకూడదు. రెండు వేళ్లతో క్లచ్ లాగు, రేస్ కొంచెం పెంచు, క్లచ్ వేగంగా వదులు. ఒక్కసారిగా వదిలి పడేయకు, వేళ్ల కింద నుంచి జారనివ్వు. హ్యాండిల్ పట్టి పైకి లాగకు, బండిని ఇంజిన్ లేపాలి, చేతులు కాదు. మొదట్లో చక్రం బెత్తెడు లేచినా చాలు. బెత్తెడు లేచినా బ్రేకు తాకు. రేస్‌ను ఒకేరోజు పెంచుకుంటూ పోకు. ఇవాళ బెత్తెడు ఇరవైసార్లు నిలకడగా వస్తే, రేపు జానెడు. ఒళ్లు అలసిపోయాక ఇంకొక్కసారి చేద్దాం అనిపిస్తుంది. నేను చూసిన చాలా పడిపోవడాలు ఆ ఇంకొక్కసారిలోనే జరిగాయి. గంట దాటితే బండి ఆపు.

దించేటప్పుడు రేస్ పూర్తిగా మూసేస్తే చక్రం సిమెంటు మీద దభీమని పడుతుంది. ఫోర్కు సీళ్లు పోయేది, రిమ్ము బెండ్ అయ్యేది అప్పుడే. రేస్ కొద్దిగా ఉంచి, బ్రేకు తాకి, చివరి బెత్తెడు దగ్గర కాస్త రేస్ ఇస్తే దిండు మీద పెట్టినట్టు దిగుతుంది. హ్యాండిల్ నిటారుగా ఉండాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ముందు బ్రేకు తాకనే కూడదు. ఆగిపోయిన చక్రంతో దిగితే అక్కడికక్కడే జారి పడతావు. అందుకే ముందు బ్రేకు మీద వేళ్లు పెట్టకుండా నేర్చుకో. చూపు చక్రం మీద పెట్టకు, ట్యాంకు పక్క నుంచి దూరంగా గోడను చూడు. బండి పక్కకు ఒరిగితే దించేయడమే మంచిది. మోకాలు, ఫుట్‌రెస్ట్ నొక్కి సరిచేయడం తర్వాత వస్తుంది.

బండి చేయి దాటిపోయిందనిపిస్తే వదిలెయ్. కాళ్లు కిందికి దించి వెనక నుంచి దిగి నిలబడే ప్రయత్నం చెయ్. బండికి దెబ్బ తగిలితే పదివేలో, పదిహేనువేలో, నేను రిపేరు చేస్తాను. ఇంజిన్ ఆపే కిల్ స్విచ్‌కు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకునే ఏర్పాటు దొరుకుతుంది. నువ్వు దూరమైతే తాడు లాగి ఇంజిన్ ఆగిపోతుంది. పడిన బండి రేస్‌తో పిచ్చిగా తిరగకుండా ఉంటుంది. అది పెట్టించు. వెనక ట్వెల్వ్ ఓ క్లాక్ బార్ అని ఒక ఇనుప కమ్మీ కూడా పెట్టిస్తారు, బండి పూర్తిగా వెనక్కి తిరగబడకుండా ఆపుతుంది. మంచిదే. కానీ కాలికి బ్రేకు అలవాటు కాకముందే బార్ పెట్టిస్తే కాలు ఎప్పటికీ నేర్చుకోదు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు వంద లెక్క పూర్తయ్యాకే పెట్టిస్తాను.

లీటర్ బైక్ దగ్గరికి ఎప్పుడు? చిన్న బండి మీద ఆరు నెలలు, అదీ బ్యాలెన్స్ పాయింట్ దాకా పోయి బ్రేకుతో దింపడం నిద్రలో కూడా వచ్చేదాకా. నీది 2015 తర్వాత వచ్చిన మోడల్ అయితే అందులో వీలీ కంట్రోల్ ఉండే అవకాశం ఎక్కువ. 2015లో వచ్చిన యమహా ఆర్1 లాంటి బండ్లలో బండి ఎంత వాలింది, ఎంత లేచింది కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని బట్టి వీలీ కంట్రోల్ ఇంజిన్ పవర్ కోసి చక్రాన్ని దించుతుంది. దాన్ని నమ్మి వీలీ నేర్చుకోవద్దు. ఎంత వాలు దగ్గర, ఎంత గట్టిగా కోస్తుందో కొత్తవాడికి తెలియదు, హఠాత్తుగా దించితే హ్యాండిల్ వంకరగా ఉన్నప్పుడు చక్రం నేలకు తగులుతుంది. ఏబీఎస్, అంటే బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, దాని సంగతి కూడా చూసుకో. గాల్లో ఉన్న ముందు చక్రం నెమ్మదిస్తుంది, వెనకది తిరుగుతూనే ఉంటుంది, ఆ తేడా కొన్ని బండ్లలో ఏబీఎస్‌ను తికమక పెడుతుంది. నీ బండి మాన్యువల్ చూసి, వెనక చక్రానికి ఏబీఎస్ ఆపే మోడ్ ఉందో లేదో తెలుసుకో. ఉంటే కల్లంలో మాత్రమే ఆపు, రోడ్డెక్కే ముందు మళ్లీ వేసుకో. ఇంకొకటి, లీటర్ బైక్‌కు రైసుమిల్లు కల్లం చాలదు. 80 స్పీడులో దించి ఆగడానికి చోటు కావాలి. తమిళనాడులో శ్రీపెరంబుదూరు దగ్గరున్న మద్రాస్ రేసింగ్ ట్రాక్‌లో గానీ, కోయంబత్తూరు కారీ ట్రాక్‌లో గానీ ముందు బండి నడపడం నేర్చుకో. మలుపు, బ్రేకు, రేస్ మీద పట్టు వచ్చిందంటే బండి మీద భయం పోతుంది, గౌరవం మిగులుతుంది. వీలీకి అదే పునాది.

నువ్వు మీ నాన్నకు చెప్పకుండా కొన్నానని రాశావు. అది నీ ఇష్టం. నేను మాత్రం నేర్పే ముందు ఇంట్లో ఒకరికైనా చెప్పి రమ్మంటాను. పడిన రోజు దవాఖానలో సంతకం పెట్టాల్సింది వాళ్లే.

పాత 150 బండి ఉంటే దాని మీదే రా. ఆదివారం పొద్దున షెడ్డులో రద్దీ ఉండదు. పెడల్ ఎత్తు నీ కాలికి సరిచేసి, కోన్‌సెట్, చైన్ చూసి ఇస్తాను. బూట్లు వేసుకొని రా, చెప్పులతో వస్తే ఎత్తు కొలవడం కుదరదు.